లక్ష్మివారం నాటి స్ట్రాబెర్రీ కేకు

అమ్మ వచ్చింది కృష్ణమ్మ కోసం, నేను వచ్చింది స్ట్రాబెర్రీల కోసం. ఇద్దరికీ కావలసినవి ఒకే కొండ మీద ఉండటంతో టికెట్లు తీసేటప్పుడు పేచీ రాలేదు. అమ్మ పుట్టిల్లు విశాఖపట్నం, మెట్టినిల్లు విజయవాడ. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ బ్యారేజీ మీద నుంచి చూస్తున్న నది అసలు ఎక్కడ పుట్టిందో కళ్లారా చూసి, నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకోవాలని ఆవిడ కోరిక. నాది అంత గొప్ప కోరికేం కాదు. నిండా పండిన స్ట్రాబెర్రీలతో, పండు కోసిన చోటే, ఇంట్లో చేసుకునే మామూలు కేకు ఒకటి చేయించుకుని తినాలి. క్రీము పువ్వులూ, పేరు రాయించడాలూ ఏమీ అక్కర్లేదు.

దానికోసం అంతదూరం ఎందుకంటారా? చలికాలం వస్తే మా బజారులో పళ్ల బండ్ల మీదా ఈ పళ్లు కనిపిస్తూనే ఉంటాయి. ప్లాస్టిక్ డబ్బాలో వరసగా సర్ది ఉంటాయి, కొస ఎర్రగా, తొడిమ దగ్గర తెల్లగా. కొరికితే పులుపు, ఆ తర్వాత నీళ్లు. తప్పు బండివాడిది కాదు. మామిడి, అరటి కోశాక కూడా పండుతాయి. స్ట్రాబెర్రీకి ఆ గుణం లేదు. కోశాక రంగు కాస్త తిరిగితే తిరగొచ్చు గానీ తీపి మాత్రం పెరగదు, చెట్టున ఎంత ఉందో అంతే. పోనీ బాగా పండనిచ్చి కోద్దామంటే ఒకటి రెండు రోజుల్లో మెత్తబడి నీరు కారుతుంది. అందుకే దూరపు బజారుకు వెళ్లే పండును ముప్పాతిక ఎరుపు రాగానే కోసేస్తారు. నిండా పండినది కొండ దిగే ప్రశ్నే లేదు. కాబట్టి మేమే కొండెక్కాం.

పుణెలో రైలు దిగి, స్వార్‌గేట్ బస్టాండులో మహాబలేశ్వరం కొండకి వెళ్లే ఎస్టీ బస్సు పట్టుకుంటే వాయి మీదుగా తీసుకెళ్తుంది. వాయి కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. ఘాట్లూ, గుళ్లూ, ఒక పెద్ద గణపతీ ఉన్నాయి. బస్సు కిటికీలోంచి నదిని చూసి అమ్మ, "ఇదేమిటే, మన బందరు కాలువంత కూడా లేదు!" అంది. అక్కడి నుంచి పసరణి ఘాటు. మలుపు మలుపుకీ గాలి చల్లబడుతుంది. మలుపుల్లో బుట్టలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ల దగ్గర పళ్లు మా బజారులోవాటిలా ఉండవు. తొడిమ కింద దాకా ఒకటే ఎరుపు, పరిమాణం మాత్రం ఎగుడుదిగుడు, కొన్నిటికి రెండేసి ముక్కులు. డబ్బాకి పనికిరాని పండే తినడానికి మంచిదన్న సంగతి ఆ ఘాటు మీదే తెలిసిపోతుంది.

పైకెక్కాక పంచగని వస్తుంది. దొరల కాలంలో పెట్టిన బోర్డింగు బడులు, సిల్వర్ ఓక్ చెట్లు, పార్శీల పాత బంగళాలు. క్వీన్ బృందంలో పాడి లోకమంతా పేరు తెచ్చుకున్న ఫ్రెడీ మెర్క్యురీ చిన్నప్పుడు ఇక్కడి సెయింట్ పీటర్స్ బడిలోనే చదివాడు. జాములూ, షర్బత్తులూ అమ్మే మ్యాప్రో కంపెనీ 1959లో పుట్టిందీ ఈ ఊళ్లోనే. వాళ్ల తోటలో క్రీము స్ట్రాబెర్రీ కోసం జనం బారులు తీరతారు. పొడుగాటి గ్లాసులో కింద పళ్లు, మధ్యలో క్రీము, పైన మళ్లీ పళ్లు. నేనూ తిన్నాను. బాగుంది. కానీ అంత క్రీము పోశాక కింద స్ట్రాబెర్రీ ఉన్నా ఒకటే, జామకాయ ఉన్నా ఒకటే అనిపించింది.

మేం దిగింది పంచగనికీ మహాబలేశ్వరానికీ మధ్య, రోడ్డుకి లోపలగా ఉన్న భిలార్‌లో. 2017లో మహారాష్ట్ర ప్రభుత్వం దీన్ని పుస్తకాల ఊరుగా తీర్చిదిద్దింది. ఒక ఇంటి ముందుగదిలో కథలు, మరో ఇంట్లో చరిత్ర, గుడి పక్కన సాధువుల సాహిత్యం. ఎవరైనా వెళ్లి కూర్చుని చదువుకోవచ్చు, అడిగేవాళ్లుండరు. వేల్స్‌లోని హే-ఆన్-వై అనే పుస్తకాల ఊరిని చూసి తెచ్చుకున్న ఆలోచన. ఆలోచన అరువుదే అయినా, గోడకి పుస్తకాల బీరువా, గుమ్మం ముందు స్ట్రాబెర్రీ ట్రేలు, ఈ రెండూ ఒకే ఇంట్లో ఉండటం మాత్రం అచ్చంగా భిలార్‌దే. మాకు గది ఇచ్చిన ఇల్లూ అలాంటిదే. ఇంటావిడని ఊరంతా కాకూ, అంటే పిన్నీ, అంటుంది, మేమూ అలాగే పిలిచాం. ఆవిడ నన్ను తాయీ, అంటే అక్కా, అనేది, అమ్మని మాత్రం మొదటి పూట నుంచే ఆయీ, అంటే అమ్మా, అనేసింది.

ముందు అమ్మ పని. మహాబలేశ్వరం బజారు నుంచి పాత మహాబలేశ్వరం ఆరేడు కిలోమీటర్లు. అక్కడ పంచగంగ గుడిలో కృష్ణ, వేణ్ణ, కోయన, సావిత్రి, గాయత్రి అని అయిదు నదుల ధారలు కలిసి రాతి ఆవు నోట్లోంచి పడతాయి. సావిత్రి శాపం వల్ల విష్ణువు కృష్ణగా, శివుడు వేణ్ణగా, బ్రహ్మ కోయనగా మారారని స్థలపురాణం. ఇక్కడి నుంచి హంసలదీవి దాకా సుమారు 1,400 కిలోమీటర్లు నడిచే నది చెయ్యంత ధారగా పడుతుంటే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత పసుపు కుంకుమ వేసి, సీసా నింపుకుని, "శ్రీశైలం, సాగరు, మన బ్యారేజీ, ఇంతమంది పట్టి ఆపుతుంటే పాపం ఎలా వస్తోందో!" అంది. కాస్త అవతల కృష్ణాబాయి గుడి ఉంది. నల్లరాతి గుడి, నాచు పట్టి, జనం లేక ఖాళీగా ఉంటుంది. నాకైతే నది పుట్టిల్లంటే అదే అనిపించింది. అమ్మకి మాత్రం గంటలూ పూజారులూ ఉన్నదే నచ్చింది.

ఇక నా పని. మర్నాడు గురువారం, మార్గశిరం. తెల్లారకముందే కాకూతో తోటలోకి వెళ్లాను.

తోట అంటే చెట్లనుకునేరు. జానెడు మొక్కలు. ఎత్తు మడులు, వాటి మీద పరిచిన మెరిసే ప్లాస్టిక్ కాగితం, కాగితానికి చేసిన బెజ్జాల్లోంచి పైకొచ్చిన ఆకుల గుబుర్లు, కింద డ్రిప్పు గొట్టం. పండు కాగితం మీద వాలి ఉంటుంది, మట్టి తగలదు. నేల ఎర్రటి జంబిట్టి నేల, నీళ్లు నిలవనివ్వదు. పగలు ఎండ, రాత్రి చలి. ఆ తేడాలోనే పండు తీపెక్కుతుంది. అయితే వానాకాలంలో ఈ కొండ మీద ఏటా అయిదారు వేల మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆ దెబ్బకి ఈ మొక్క పొలంలో బతకదు. అందుకని ప్రతి ఏడూ కొత్త కాపురమే. తల్లి మొక్కలు విదేశాల నుంచి వస్తాయి. వాటి తీగలకి పిల్లలు పుట్టించి, వానలు వెనక్కి తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో నాటుకుంటారు. కాకూ వేసింది వింటర్ డాన్, పక్క మడుల్లో స్వీట్ చార్లీ. రెండూ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు పుట్టించిన రకాలు.

అసలు ఈ మొక్క పుట్టుకే ప్రయాణాల్లో జరిగింది. 1714లో ఫ్రెజియే అనే ఫ్రెంచి సైనిక ఇంజనీరు చిలీ నుంచి పెద్ద పండు కాసే మొక్కల్ని ఓడలో తన దేశానికి తీసుకెళ్లాడు. అవి ఉత్తర అమెరికా నుంచి అంతకుముందే వచ్చి ఉన్న చిన్న పండు మొక్కలతో కలిసి, ఐరోపా తోటల్లో ఇప్పటి స్ట్రాబెర్రీ పుట్టింది. దొరలతో మహాబలేశ్వరం చేరింది. 2010లో ఈ కొండ పేరు మీదే దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు మన లంబసింగి చలిలోనూ కాస్తోంది. మొక్క ఇన్ని సముద్రాలు దాటింది, పండు మాత్రం కొండ దిగి విజయవాడ చేరేలోపు నీరసపడిపోతుంది.

కోయడం నేర్చుకోవడానికి నాకు కాసేపు పట్టింది. పండుని పట్టుకుని లాగకూడదు, వేలిముద్ర పడ్డ చోట మర్నాటికి మచ్చ లేస్తుంది. తొడిమకి వేలెడు దూరంలో కాడని గోటితో గిల్లాలి. మంచు తడి ఆరీ ఆరకముందు, ఎండెక్కక ముందు కోయాలి. కాకూ చేతులు మడి వెంట పోతుంటే చిట్ చిట్ మని చప్పుడు వినిపించేది. బజారుకి వెళ్లే పళ్లు ఒక ట్రేలో, మరీ పండిపోయినవి వేరే గిన్నెలో. ఆ గిన్నె నాది. దాంట్లోంచి ఒకటి నోట్లో వేసుకున్నాను. పుల్లదనం ఎక్కడికీ పోలేదు, కానీ దాన్ని పట్టుకుని తీపి ముందు వచ్చింది, ముక్కు దాకా వాసన వచ్చింది. పైనున్న గింజలు పళ్లకింద కరకరమన్నాయి. వృక్షశాస్త్రం ప్రకారం ఆ గింజల్లాంటివే అసలు పళ్లట, మనం తినే ఎర్రటి కండ పువ్వు కింది పీట ఉబ్బితే వచ్చిందట. ఆ శాస్త్రం అమ్మకి చెబితే, "ఏదైతేనేం, కడుక్కుని తిను" అంది.

ఇంటికొచ్చేసరికి హాల్లో పీట మీద కలశం. రాగి చెంబుకి చీర కట్టి, అయిదు రకాల చెట్ల కొమ్మలు పెట్టి, కొబ్బరికాయకి లక్ష్మీదేవి ముఖం తొడిగారు. ముందు పళ్లెంలో అరటిపళ్లు, సీతాఫలం, వాటి మధ్యన స్ట్రాబెర్రీలు. అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. మార్గశిర లక్ష్మివారాలు! విశాఖలో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి ముందు బారులు తీరే నెల ఇది. చిన్నప్పటి నుంచీ పట్టే నోము. ప్రయాణంలో ఉన్నానని ఆ ఏడు అమ్మ లోలోపల బెంగపడుతోంది కూడా. అటు వాళ్ల పంచాంగంలోనూ నెల అమావాస్యతోనే ముగుస్తుంది, మనలాగే. వారం అదే, దేవత అదే, ఉపవాసమూ అదే. కాకూ హిందీ అంతంత మాత్రం, అమ్మ హిందీ నామమాత్రం. అయినా అరగంటలో ఏ వారానికి ఏ నైవేద్యమో లెక్కలు తేల్చుకున్నారు. అది మూడో వారం, మా లెక్కన అప్పాలూ పరమాన్నమూ. "ఒక పొయ్యి నాకు కావాలి" అంది అమ్మ.

దాంతో నా కేకుకి రెండు షరతులు వచ్చిపడ్డాయి. ఒకటి, గుడ్డు లేదు. మార్గశిరమంతా ఆ ఇంట్లోకి గుడ్డు రాదు. రెండోది ఇంకా కష్టం. ఇద్దరికీ సాయంత్రం దాకా ఉపవాసం కాబట్టి పిండి రుచి చూసేవాళ్లు లేరు. నన్ను చూడమంటే నాకేం తెలుసు, అంతా బాగానే ఉన్నట్టుంటుంది.

గుడ్డు చేసే పని పెరుగుకి అప్పగించింది కాకూ. కప్పు గట్టి పెరుగులో ముప్పావు కప్పు పంచదార వేసి, పలుకు తగలకుండా గిలక్కొట్టింది. దాంట్లో చెంచాకి కాస్త తక్కువగా బేకింగ్ పౌడరు, చిటికెడంటే చిటికెడు వంటసోడా. కలిపి పక్కన పెడితే అయిదు నిమిషాల్లో పెరుగు నురుగులు కక్కుతూ పొంగింది. పుణెలో ఉండే చెల్లెలు చెప్పిన కొలతలో సోడా ఇంతకు రెండింతలట. ఆ కొలతతో ఇక్కడ చేస్తే కేకు అరగంటలో బ్రహ్మాండంగా లేచి, దించేసరికి నడుమ గుంట పడుతుంది. పదమూడు వందల మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టం కంటే ఏడో వంతు దాకా తక్కువ. బుడగలు అడ్డూ ఆపూ లేకుండా ఉబ్బుతాయి, పిండి గట్టిపడేలోపే పగిలిపోతాయి. కాకూ ఈ లెక్కేమీ చెప్పలేదు. "పైన గాలి పల్చన, సోడాకి పొగరెక్కువ" అంది.

సోడా తగ్గించడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది పండుది. స్ట్రాబెర్రీ ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగుది. పులుపు తగిలినంతసేపూ ఎర్రగా ఉంటుంది, క్షారం తగిలితే నీలంగా, బూడిదగా తిరుగుతుంది. సోడా మిగిలిపోయిన కేకులో పండు చుట్టూ దెబ్బ తగిలి కమిలినట్టు నల్లటి మచ్చ పడుతుంది. పట్నంలో అలాంటి ముక్కని చూసి పండు చెడిందని పారేసేవాళ్లని చూశాను. పండు చెడలేదు, కొలత చెడింది.

తర్వాత అర కప్పు నూనె. ఆపైన ఒకటిన్నర కప్పు మైదా రెండుసార్లు జల్లించి, మూడు విడతలుగా. ఇక్కడే కాకూ నా చేతిలో గరిటె లాక్కుంది. పెరుగుని అంత గిలక్కొట్టినావిడ మైదా పడ్డాక మాత్రం మెల్లగా, అడుగు నుంచి పైకి తిప్పి మడతపెట్టినట్టు కలిపింది. ఎక్కువ కలిపితే మైదాకి జిగురు సాగి, కేకు కాస్తా బన్ను అవుతుందట. పిండి పోస్తే జారకూడదు, గరిటె నుంచి ముద్దగా పడాలి. పాలు కలిపి పల్చన చేస్తే పళ్లన్నీ అడుగుకి దిగిపోతాయి. స్ట్రాబెర్రీలో తొంభై శాతం పైగా నీళ్లే, బరువుంటుంది మరి.

పళ్లని తొడిమలు ఉండగానే కడిగింది. తొడిమ తీసి కడిగితే ఆ బొక్కలోంచి నీళ్లు తాగుతాయి. గుడ్డ మీద ఆరబెట్టి, తొడిమలు గిల్లి, నిలువుగా రెండేసి బద్దలు చేసింది. కొన్నిటిని చిన్న ముక్కలు చేసి, మైదా అద్ది పిండిలో కలిపింది. మిగతా బద్దల్ని పైన పరిచింది, కోసిన వైపు కిందకి. అలా పెడితే రసం పిండిలోకి దిగి ఒక్కో బద్ద కింద ఒక్కో జాము మడుగు తయారవుతుంది. పైన రెండు చెంచాల పంచదార చల్లింది.

ఓవెన్ లేదు. దళసరి అల్యూమినియం గిన్నె అడుగున రాళ్ల ఉప్పు రెండు వేళ్ల మందాన పోసి, దాంట్లో ఇనుప స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు కాచింది. ఆ ఉప్పు ఏళ్ల తరబడి అదే. బూడిద రంగుకి తిరిగిపోయింది, కేకుకి తప్ప దేనికీ వాడదు. నెయ్యి రాసిన కేకు గిన్నెని స్టాండు మీద దించి, మూతకి గుడ్డ చుట్టి, కొసలు పైన ముడేసింది. చెమ్మ మూతకి పట్టి చుక్కలుగా పండు మీద పడకుండా ఆ గుడ్డ తాగేస్తుంది. సెగ సన్నగా పెట్టింది. మా అమ్మమ్మ దిబ్బరొట్టె మూకుట్లో పోసి, మూత మీద నిప్పులు వేసేది, ఇదీ దాని చుట్టమే. నిప్పులు లేని లోటు మాత్రం కేకు పైన కనబడుతుంది, ఓవెన్‌లోలా గోధుమ రంగు పట్టదు, తెల్లగా ఉండిపోతుంది. నాకది లోటుగా అనిపించలేదు. తెల్లటి పిండి మీద ఎర్రటి బద్దలే అందం.

పక్క పొయ్యి మీద అమ్మ పరమాన్నం. ఈ కొండ మీద నీళ్లు 96 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, బియ్యం ఎంతకీ ఉడకదు. "ఈ పొయ్యికేం రోగం?" అని అమ్మ మంట పెంచుతుంటే, కేకు పొయ్యి సెగ కదలకుండా కాకూ కాపలా కాసింది. నలభై నిమిషాలయ్యాక వంటింటి వాసన మారింది. అప్పటిదాకా పాలు, బెల్లం, నెయ్యి. వాటిని తోసుకుని పండు వాసన బయటికొచ్చింది, పచ్చి పండుది కాదు, కాగి చిక్కబడిన పండుది. కాకూ మూత తీయలేదు. ముక్కు మూత దగ్గర పెట్టి, "ఇంకా పిండి వాసనే పైన ఉంది" అని మరో పది నిమిషాలు ఆగింది. రుచి చూడకూడని రోజున ముక్కే రుచి చూసింది. ఆ తర్వాత పుల్ల గుచ్చి చూస్తే రెండు చోట్ల పొడిగా వచ్చింది, మూడో చోట ఎర్రగా వచ్చింది. "అది పండు" అంది, దించేసింది.

చల్లారకుండా కోయనివ్వలేదు. సాయంత్రం దీపం పెట్టి, వ్రతకథ చదివి, హారతిచ్చాక దేవి ముందు అప్పాలు, పరమాన్నం, వాళ్ల పూరణ్ పోళీలు, అన్నిటి పక్కన కేకు ముక్క ఒకటి. కేకు నైవేద్యం పెట్టొచ్చా అని అమ్మ నా చెవిలో గొణిగింది. గుడ్డు లేదుగా అన్నాను. కాసేపు ఆలోచించి, పెరుగూ పంచదారా పండేగా అని తనే ఒప్పేసుకుంది.

కేకు ఎలా ఉందంటే, అంచులు బిరుసుగా, లోపల తడిగా, పండు ఉన్న చోట చెంచాతో తినాల్సినంత మెత్తగా ఉంది. పైన చల్లిన పంచదార ఆవిరికి కరిగి పల్చటి పాకమైంది. పిండిలో కలిసిన ముక్కల కంటే పైన పరిచిన బద్దలే గెలిచాయి. మళ్లీ చేస్తే లోపల అసలు వేయను. కాకూ మనవలు బద్దలన్నీ ముందే ఏరుకు తినేసి గుంటలు పడ్డ కేకుని మా వైపు తోశారు.

విజయవాడకి రెండు ముక్కలు కట్టివ్వమంటే కాకూ ససేమిరా అంది. తడి కేకు, షోలాపూర్ దాకా కూడా ఆగదట. కావాలంటే జాము పట్టుకెళ్లమంది.

అమ్మ మాత్రం తన ముక్కని నెమ్మదిగా, కొసాకి తిని, వేళ్లు తుడుచుకుని, "బాగుంది గానీ, రెండు యాలక్కాయలు దంచి వేయాల్సింది" అంది. నేను హిందీలో చెప్పాను. కాకూ నవ్వలేదు. యాలకులు పడితే స్ట్రాబెర్రీ వాసన చచ్చిపోతుంది, చెప్పు మీ అమ్మకి అంది. చెప్పాను.

"అయితే ఒక్కటే వేయమను" అంది అమ్మ.